ఉప్పల్ దారిలో ఊరి ఆరోగ్యం

హైదరాబాదుకు తూర్పున తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ దాకా సాగే రహదారి, దానికి ఎగువన నాచారం, మల్లాపూర్, కాప్రా వరకు పరచుకున్న శివారు ప్రాంతం, గ్రామీణ పేదల ఆరోగ్యం గురించి ఆలోచించేవారు ఆగి చూడవలసిన చోటు. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. నాచారం పారిశ్రామిక వాడలో అంగన్‌వాడీ పిల్లలకు పౌష్టికాహారం తయారుచేసే ప్రభుత్వ కర్మాగారం ఉంది. పోషకాహార సంస్థ పరిశోధకులు దశాబ్దాలపాటు తిరిగిన పల్లెలు నగరం చుట్టూ ఉన్నాయి. ఒకప్పుడు అటువంటి పల్లెగానే ఉండి ఇప్పుడు మహానగరంలో ఒక సర్కిలుగా మారిన కాప్రా కూడా ఇక్కడే ఉంది. పేదవాడి ఒంట్లో ఏమి తక్కువైందో కనుక్కోవడం ఒక పని, తక్కువైనదాన్ని చవకగా తయారుచేయడం రెండో పని, తయారైనదాన్ని అవసరమైన ఇంటికి అవసరమైన రోజున చేర్చి ఫలితం కనబడేదాకా ఆ ఇంటిని వదలకుండా ఉండడం మూడో పని. మొదటి రెండు పనుల్లో ఈ ప్రాంతం సాధించినవి వైద్య ప్రపంచానికి తెలిసినవే. మూడో పని మాత్రం ఇంకా సగంలోనే ఉంది. ప్రాథమిక ఆరోగ్యానికి సంబంధించిన కఠినమైన శాస్త్రమంతా ఆ మూడో పనిలోనే ఉందన్నది ఈ అధ్యాయం సారం.

సమాజమే ఆధారంగా నడిచే ప్రాథమిక ఆరోగ్య రక్షణ అన్న భావనకు అంతర్జాతీయ గుర్తింపు తెచ్చినది 1978 సెప్టెంబరులో అప్పటి సోవియట్ యూనియన్‌లోని ఆల్మా ఆటా నగరంలో జరిగిన సదస్సు. 134 దేశాల ప్రతినిధులు పాల్గొన్న ఆ సదస్సు ప్రకటన ప్రకారం ప్రాథమిక ఆరోగ్య రక్షణలో మామూలు జబ్బులకు చికిత్స ఒక భాగం మాత్రమే; తగినంత తిండి, సురక్షితమైన తాగునీరు, పారిశుద్ధ్యం, తల్లీబిడ్డల సంరక్షణ, టీకాలు, అంటువ్యాధుల అదుపు, అత్యవసరమైన మందులు, ఆరోగ్య విషయాల్లో ప్రజలకు అవగాహన అన్నీ అందులోకే వస్తాయి, వీటి ప్రణాళికలోనూ నిర్వహణలోనూ ప్రజలకు పాత్ర ఉండాలి. భారతదేశానికి ఈ ఆలోచన అప్పటికే కొత్తదేమీ కాదు. 1943లో ఏర్పడి 1946లో నివేదిక ఇచ్చిన భోర్ కమిటీ, చెల్లించే శక్తి లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని చెప్పి, దీర్ఘకాలిక ప్రణాళికలో పది ఇరవై వేల జనాభాకు 75 పడకల ఆసుపత్రి ఒకటి చొప్పున ఉండాలని సూచించింది. 1952 అక్టోబరు 2న సామాజిక అభివృద్ధి పథకంతో పాటు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు మొదలయ్యాయి గానీ, ఆ తర్వాత స్థిరపడిన కొలత మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి ఒక కేంద్రం, 5,000 మందికి ఒక ఉపకేంద్రం. భోర్ కమిటీ ఊహించినదానికీ దేశం కట్టగలిగినదానికీ మధ్య ఉన్న ఈ దూరాన్ని పూడ్చే బాధ్యత, ఎవరూ ప్రత్యేకంగా అప్పగించకుండానే, చేతిలో రిజిస్టరు, భుజాన సంచితో ఇళ్లు తిరిగే మహిళల మీద పడింది.

లోపం ఎక్కడుంది?

1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధనశాల పోషకాహార పరిశోధనాలయాలుగా పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. ఆ రోజుల్లో పిల్లల్లో తీవ్రమైన పోషకాహార లోపం రెండు రూపాల్లో కనబడేది: ఒళ్లు నీరు పట్టి, చర్మం పొరలుగా లేచి, జుట్టు రంగు మారే క్వాషియోర్కర్ ఒకటి, ఎముకల గూడుగా చిక్కిపోయే మరాస్మస్ రెండోది. మొదటిదానికి మాంసకృత్తుల కొరతే కారణమన్న అభిప్రాయం ప్రపంచమంతటా బలంగా ఉండేది కాబట్టి, ఖరీదైన మాంసకృత్తుల పొడులను పేద దేశాలకు పంపాలన్న ఉద్యమమే నడిచింది. 1960వ దశకంలో సంస్థను నడిపిన సి. గోపాలన్, ఆయన సహచరులు హైదరాబాదు పరిసరాల పిల్లల ఆహారాన్ని లెక్కకట్టి చూసినప్పుడు, ఈ రెండు జబ్బుల పాలైన పిల్లలు అంతకుముందు తిన్న తిండిలో చెప్పుకోదగిన తేడా కనబడలేదు. ఇద్దరికీ తక్కువైనది మొత్తం తిండే. తృణధాన్యాలూ పప్పులూ కలిసిన ఇంటి భోజనం కడుపునిండా అందితే, దానితో పాటే చాలినంత మాంసకృత్తులు కూడా అందుతాయి. కడుపు నిండనప్పుడు శరీరం ఉన్న మాంసకృత్తులను కూడా శక్తి కోసం కరిగించి వాడేసుకుంటుంది.

ఈ నిర్ధారణ వెనుక ఒక ఆర్థిక వివేకం కూడా ఉంది. లోపం మొత్తం తిండిలోనిదైతే మందు అంగట్లోనే దొరుకుతుంది. సంస్థ రూపొందించిన 'హైదరాబాద్ మిక్స్' అందుకు మంచి ఉదాహరణ: వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు కలిపి పొడిచేస్తే సుమారు 330 కిలో కేలరీల శక్తి, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు వస్తాయి. గోధుమలో లైసిన్ అనే ఎమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన మెథియోనిన్ గోధుమలో ఉంటుంది. రెండూ కలిసినప్పుడు విడివిడిగా తిన్నప్పటికంటే మాంసకృత్తుల నాణ్యత పెరుగుతుంది. వేరుశనగలోని నూనె వల్ల కొద్ది పరిమాణంలోనే ఎక్కువ శక్తి అందుతుంది, చిన్న పొట్ట ఉన్న బిడ్డకు ఇది ముఖ్యం. వేయించడం వల్ల పిండి త్వరగా పాడుకాదు, పప్పుల్లో ఉండి జీర్ణక్రియకు అడ్డుపడే కొన్ని పదార్థాలు నిర్వీర్యమవుతాయి, అప్పటికప్పుడు కాచిన నీళ్లలోనో పాలలోనో కలిపి పెట్టవచ్చు. సున్నుండలు చుట్టే ఇల్లాలికి ఇందులో తెలియని విద్య ఏదీ లేదు, ఆ మాటకొస్తే ఈ మిశ్రమం గొప్పదనం కూడా అదే.

ఇదే కుదురు నుంచి వచ్చిన ఆహారాన్ని ఇప్పుడు నాచారం పారిశ్రామిక వాడలో పెద్ద ఎత్తున తయారుచేస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ ఫుడ్స్ పేరుతో నడిచి, రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ ఫుడ్స్‌గా మారిన ప్రభుత్వ సంస్థ, వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిపి, విటమిన్లు, ఖనిజాలు చేర్చి 'బాలామృతం' పొడిని తయారుచేసి అంగన్‌వాడీ కేంద్రాలకు పంపుతుంది. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు బిడ్డకు నెలకు రెండున్నర కిలోల ప్యాకెట్, అంటే రోజుకు వంద గ్రాముల చొప్పున ఇరవై అయిదు రోజులకు సరిపడా ఇస్తారు. ప్యాకెట్ ఇంటికి చేరిన తర్వాత ఏమవుతుందన్నది కర్మాగారం చేతిలో లేదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురు పిల్లలుంటే పొడి అందరికీ పంచుతారు, ఉదయమే కూలికి వెళ్లే తల్లి లేనప్పుడు బిడ్డకు రోజుకు మూడు నాలుగుసార్లు కలిపి తినిపించే మనిషి ఉండకపోవచ్చు, విరేచనాలు పట్టుకున్నప్పుడు పెట్టడం మానేస్తారు. ఈ మూడు సందర్భాల్లోనూ కావలసింది మరో ప్యాకెట్ కాదు. ఇంటికి వచ్చి, బిడ్డను తూచి, ఎందుకు బరువు పెరగలేదని అడిగి, జవాబు వినే మనిషి.

విటమిన్ ఎ నేర్పిన పాఠం

మోతాదుకూ మనిషికీ మధ్య ఉన్న ఈ సంబంధాన్ని విటమిన్ ఎ కథ మరింత స్పష్టంగా చూపిస్తుంది. ఆకుకూరలు, పాలు, గుడ్లు అందని పిల్లల్లో మొదట రేచీకటి వస్తుంది, తర్వాత కంటి తెల్లగుడ్డు మీద బిటాట్ మచ్చలు అనే నురగలాంటి తెల్లటి మచ్చలు ఏర్పడతాయి, లోపం ముదిరితే నల్లగుడ్డు మెత్తబడి కరిగిపోయి చూపు శాశ్వతంగా పోతుంది. విటమిన్ ఎ కొవ్వులో కరుగుతుంది, కాలేయంలో నెలల తరబడి నిల్వ ఉంటుంది. ఈ రెండు లక్షణాలను ఆధారం చేసుకొని, రోజూ కొంచెం ఇవ్వడం సాధ్యం కాని చోట ఒకేసారి పెద్ద మోతాదు నోటి ద్వారా ఇస్తే సరిపోతుందా అని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పరీక్షించారు. 1970లో ప్రచురితమైన ఆ ఫలితాల్లో కంటి లక్షణాలు గణనీయంగా తగ్గాయి. అదే ఏడాది ప్రభుత్వం ఏడాది నుంచి అయిదేళ్ల లోపు పిల్లలకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల అంతర్జాతీయ యూనిట్ల విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. నగరం పక్కనున్న కొన్ని పల్లెల్లో తేలిన విషయం ఏడాది తిరగకుండానే దేశవ్యాప్త విధానంగా మారడం అరుదు.

ఆ తర్వాత తలెత్తిన ప్రశ్న ఇంకా పెద్దది: విటమిన్ ఎ కళ్లను కాపాడడంతో ఆగుతుందా, పిల్లల ప్రాణాలను కూడా కాపాడుతుందా? ఇండోనేషియా నుంచి 1980వ దశకంలో వచ్చిన ఫలితాలు ప్రాణాలు నిలుస్తాయని చెప్పాయి. హైదరాబాదు పరిసరాల్లో 15,000కు పైగా పిల్లలను రెండు వర్గాలు చేసి, ఒక వర్గానికి ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ, రెండో వర్గానికి చూడడానికి అలాగే ఉండే ఉత్తుత్తి మందు ఇచ్చి జరిపిన పరీక్ష ఫలితాలు 1990లో వెలువడినప్పుడు, రెండు వర్గాల మరణాల మధ్య తేడా కనబడలేదు. అదే ఏడాది తమిళనాడులోని తిరుచిరాపల్లి ప్రాంతం నుంచి వచ్చిన మరో పరీక్షలో, వారం వారం చిన్న మోతాదు పొందిన పిల్లల్లో మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఒకే దేశం, ఒకే ఏడాది, ఒకే విటమిన్. జవాబులు మాత్రం రెండు.

ఈ వైరుధ్యానికి చాలా వివరణలు వచ్చాయి. పరిశోధన సిబ్బంది క్రమం తప్పకుండా ఇళ్లకు వెళ్లినప్పుడు ఉత్తుత్తి మందు పొందిన పిల్లల జబ్బులు కూడా ముందే బయటపడి, ఆ వర్గంలోనూ మరణాలు తగ్గి ఉండవచ్చని, అందువల్లే హైదరాబాదులో తేడా మరుగున పడి ఉండవచ్చని ఒక వాదన. వినడానికి ఇంపుగా ఉన్న ఈ వాదనను పూర్తిగా అంగీకరించడం కష్టం, ఎందుకంటే తిరుచిరాపల్లిలో కార్యకర్తలు వారం వారం రెండు వర్గాల ఇళ్లకూ వెళ్లినా తేడా స్పష్టంగానే తేలింది. అక్కడి మోతాదు వారానికొకసారి కొద్దికొద్దిగా అందే తిండిలాంటిది, ఇక్కడిది ఆరు నెలలకొకసారి ఇచ్చే మందు. శరీరం రెండింటినీ ఒకే విధంగా వాడుకోకపోవచ్చు. ఉత్తరప్రదేశ్‌లో పదిలక్షల మంది పిల్లలపై జరిగి 2013లో ప్రచురితమైన బృహత్ పరీక్షలో కూడా ఆరు నెలలకొకసారి ఇచ్చిన పెద్ద మోతాదు వల్ల మరణాల్లో నమ్మదగినంత తగ్గుదల తేలలేదు. పెద్ద మోతాదు పద్ధతికి పుట్టినిల్లైన సంస్థను ఒకప్పుడు నడిపిన గోపాలన్ స్వయంగా, చివరిదాకా, శాశ్వత పరిష్కారం ఆకుకూరలూ ఇంటి తిండిలోనే ఉందని, చుక్కల మందు అత్యవసర ఏర్పాటు మాత్రమేనని వాదించారు. తమ ఇంట్లో పుట్టిన పద్ధతిని తామే ప్రశ్నించే ఇటువంటి నిజాయితీ ప్రజారోగ్య చరిత్రలో తరచుగా కనబడేది కాదు.

ఉప్మా, పదిహేనేళ్ల తర్వాత

సమాజ ఆధారిత కార్యక్రమాల ఫలితాన్ని కొలవడంలో ఇంకో చిక్కు కాలానికి సంబంధించినది. టీకా ఫలితం నెలల్లో తెలుస్తుంది. గర్భిణికి పెట్టిన భోజనం ఫలితం ఒక తరం గడిచాక గానీ తెలియదు. 1975 అక్టోబరు 2న దేశవ్యాప్తంగా 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకం, అంటే అంగన్‌వాడీ కేంద్రాల పథకం, ఒక్కసారిగా కాక దశలవారీగా విస్తరించింది. ఈ విస్తరణనే అవకాశంగా తీసుకొని, 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం జరిగింది. పథకం అప్పటికే అందిన 15 గ్రామాల్లో గర్భిణులకు, బాలింతలకు, ఆరేళ్లలోపు పిల్లలకు మొక్కజొన్న, సోయా పిండితో వండిన ఉప్మా రోజూ పెట్టారు. ఇంకా పథకం రాని 14 గ్రామాలను పోల్చి చూడడానికి తీసుకున్నారు. పుట్టిన పిల్లల సగటు బరువులో తేడా సుమారు 60 గ్రాములు. అప్పట్లో ఈ తేడా ఎవరినీ ఆశ్చర్యపరచలేదు.

పదిహేనేళ్ల తర్వాత, 2003 నుంచి 2005 వరకు, పరిశోధకులు అవే గ్రామాలకు వెళ్లి, అప్పటికి 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చిన 1,165 మందిని వెతికి పరీక్షించారు. ఉప్మా అందిన గ్రామాల్లో పుట్టినవారు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగ్గా ఉన్నారు. అంతకంటే ముఖ్యమైనది రక్తంలో, రక్తనాళాల్లో కనబడింది. భోజనం తర్వాత రక్తంలో పెరిగే చక్కెరను కణాల్లోకి పంపే హార్మోన్ ఇన్సులిన్. కణాలు దాని మాట వినడం తగ్గిస్తే దాన్ని ఇన్సులిన్ నిరోధకత అంటారు, మధుమేహానికి అది తొలిమెట్టు. ఉప్మా గ్రామాల యువతలో ఈ నిరోధకత సూచిక అయిదో వంతు తక్కువగా ఉంది, రక్తనాళాల బిరుసుతనం కూడా కొంత తక్కువగా ఉంది. గ్రామాలను చీటీలు వేసి ఎంచుకోలేదు కాబట్టి, ఈ తేడా మొత్తానికీ ఉప్మానే కారణమని తేల్చడం తొందరపాటు. ఆ గ్రామాలకు అంగన్‌వాడీతో పాటు అందిన టీకాలు, ఆరోగ్య తనిఖీలు, మాటామంతీ కూడా లెక్కలోకి వస్తాయి. ఆలోచించి చూస్తే ఈ లోపమే ఈ అధ్యయనానికి విలువ తెచ్చింది, ఎందుకంటే అది కొలిచినది ఒక విడి పదార్థాన్ని కాదు, తిండీ మనిషీ కలిసి వచ్చిన కార్యక్రమాన్ని. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 2008లో ప్రచురించిన ఈ ఫలితాల తర్వాత అధ్యయనం ఆగిపోలేదు. ఆ యువత తల్లిదండ్రులను, తోబుట్టువులను కూడా చేర్చుకొని ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనంగా ఎదిగింది, హైదరాబాదు విస్తరణ ఆ ఊళ్లను ఎంతగా తాకిందో ఉపగ్రహ చిత్రాల్లోని రాత్రి వెలుతురు ద్వారా కొలిచే ప్రయత్నాలు కూడా చేసింది.

ఇంటికి వచ్చే మనిషి

ఊరి మనిషికే కొంత శిక్షణ ఇచ్చి ఆరోగ్య బాధ్యత అప్పగించాలన్న ఆలోచనను దేశం 1977 అక్టోబరు 2న సామాజిక ఆరోగ్య కార్యకర్తల పథకంగా పరీక్షించింది. వెయ్యి మందికి ఒక కార్యకర్త, మూడు నెలల శిక్షణ, నెలకు 50 రూపాయల గౌరవ వేతనం. ఎంపికైనవారిలో అత్యధికులు మగవారు కావడంతో కాన్పు, చంటిబిడ్డ, పాలు పట్టడం వంటి విషయాల్లో వారు ఇంటి లోపలికి వెళ్లలేకపోయారు, చాలామందికి ఆ పదవి ఊళ్లో పలుకుబడికి గుర్తుగా మిగిలింది. పథకం పేరు మార్చుకుంటూ క్రమంగా నీరసించింది. అదే కాలంలో మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే అనే వైద్య దంపతులు 1970 నుంచి నడిపిన ప్రయోగంలో, చదువు లేని, ఎక్కువగా దళిత కులాలకు చెందిన మహిళలే ఊరి ఆరోగ్య కార్యకర్తలయ్యారు. వారిని ఎంచుకున్నది ఊరు, వారానికోసారి పాఠం చెప్పింది వైద్యులు.

తెలంగాణకు మరీ దగ్గరైన ఉదాహరణ ప్రాణహితకు అవతలి ఒడ్డున ఉన్న గడ్చిరోలి. అభయ్ బంగ్, రాణీ బంగ్ స్థాపించిన 'సర్చ్' సంస్థ 1990వ దశకంలో 39 గ్రామాల్లో కొద్దిగా చదువుకున్న మహిళలకు పుట్టిన బిడ్డను తూచడం, వెచ్చగా ఉంచడం, ఊపిరి అందకపోతే అందేలా చేయడం, రక్తంలో ఇన్‌ఫెక్షన్ లక్షణాలు గుర్తించి జెంటామైసిన్ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పింది. మూడేళ్లలో నెలలోపు శిశువుల మరణాలు, పోల్చి చూసిన గ్రామాలతో పోలిస్తే, 62 శాతం తగ్గాయి. పల్లెటూరి మహిళ చేతికి సూది ఇవ్వడం మీద అభ్యంతరాలు వెల్లువెత్తాయి, అయితే ఆ రోజుల్లో అర్హత లేని మనుషులు పల్లె పల్లెలో సూదులు వేస్తూనే ఉన్నారన్న సంగతి ఆ అభ్యంతరాల్లో కనబడదు. 2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌లోని ఆశా కార్యకర్త ఈ ప్రయోగాల వారసురాలు. కాన్పు తర్వాత మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆమె ఇంటికి వెళ్లి బిడ్డను చూడాలన్న నియమానికి మూలం గడ్చిరోలి. గుర్తుంచుకోవలసిన తేడా ఏమిటంటే, గడ్చిరోలి కార్యకర్త వెనుక పిలిస్తే పలికే ఆసుపత్రి, క్రమం తప్పకుండా వచ్చే పర్యవేక్షకుడు ఉండేవారు. ఆశా కార్యకర్తకు పనికి తగ్గట్టు లెక్కగట్టిన పారితోషికం, నింపవలసిన ఫారాలు మాత్రం తప్పకుండా ఉంటాయి.

పల్లెలో ఆశా కార్యకర్తకు నిజమైన పోటీ, పట్టా లేకుండా వైద్యం చేసే ఆర్.ఎం.పి. డాక్టరు. జ్వరం వచ్చినా విరేచనాలు పట్టుకున్నా జనం ముందు వెళ్లేది ఆయన దగ్గరికే, కారణం కూడా సులభంగానే అర్థమవుతుంది: ఆయన రాత్రిపూట కూడా పలుకుతాడు, అప్పు పెడతాడు, సెలైన్ ఎక్కిస్తాడు. విరేచనాల వల్ల నీరసించినవారిలో అత్యధికులకు ఆ సెలైన్ అవసరం లేదన్నది శరీరధర్మ శాస్త్రం. పేగు గోడలోని కణాలు సోడియంను గ్లూకోజ్‌తో జతగా లోపలికి తీసుకుంటాయి, వాటి వెంటే నీరు వెళుతుంది; కలరా వంటి జబ్బులో కూడా ఈ దారి మూసుకుపోదు. ఆ రెండూ తగిన పాళ్లలో ఉన్న నీటిని తాగిస్తే చాలు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో బంగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ నిల్వలు అయిపోయినప్పుడు దిలీప్ మహలనబిస్ ఈ నీటితోనే వేలమందికి చికిత్స చేసి మరణాలను బాగా తగ్గించారు. నేటి ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్‌లో 20.5 గ్రాముల పొడి ఉంటుంది, దాన్ని లీటరు నీటిలో కలపాలి. ఎక్కువ నీళ్లలో కలిపితే పనిచేయదు, తక్కువ నీళ్లలో కలిపితే ప్రమాదం. ఇంట్లో లీటరు కొలత ఏ గిన్నెతో వస్తుందో ఆ ఇంటి ముందే చూపించగల మనిషి ఉన్నప్పుడే ఈ అద్భుతం పూర్తవుతుంది.

నీటి విషయంలో మాత్రం ఇంటి ముందుకు వచ్చే మనిషి కూడా చాలదు. ఉప్పల్ నుంచి వరంగల్ దారిలో ఘట్‌కేసర్ దాటితే పాత నల్లగొండ జిల్లా మొదలయ్యేది. ఆ జిల్లాలో ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగే పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు 1973లో లాన్సెట్ పత్రికలో వర్ణించారు. నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ ఇంజనీరింగ్ సంస్థ 'నల్లగొండ పద్ధతి' పేరుతో రూపొందించింది. పద్ధతి సరైనదే, ఇంటింటా రోజూ చేయించడమే కష్టమైంది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్‌కు చివరికి మందు, బోధన రెండూ కాక, దూరం నుంచి తెచ్చిన నది నీళ్లే దారి అయ్యాయి.

ఊరు పేటగా మారినప్పుడు

కాప్రా ఒకప్పుడు చెరువు, పొలాలు ఉన్న పల్లె. పక్కనే 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్, 1971లో అణు ఇంధన సముదాయం, ఆ తర్వాత నాచారం, మల్లాపూర్, చర్లపల్లి పారిశ్రామిక వాడలు వచ్చాయి. పంచాయతీ పోయి మునిసిపాలిటీ వచ్చింది, 2001 జనాభా లెక్కల నాటికి కాప్రా మునిసిపాలిటీ జనాభా లక్షన్నర దాటింది, 2007 ఏప్రిల్‌లో ఉప్పల్ కలాన్‌తో పాటు మొత్తం పన్నెండు మునిసిపాలిటీలు మహానగర పాలక సంస్థలో కలిశాయి. ఇక్కడి ఆరోగ్య ఏర్పాట్లను ఒక్కొక్కటిగా చూస్తే కొరత ఉన్నట్టు అనిపించదు. అణుశక్తి విభాగం ఉద్యోగులకు సొంత వైద్య పథకం ఉంది. నమోదైన కర్మాగార కార్మికులకు నాచారంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. తెల్లకార్డు ఉన్నవారికి పెద్ద ఆపరేషన్ల కోసం 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఉంది. 2018 నుంచి హైదరాబాదులో బస్తీ దవాఖానాలు కూడా వచ్చాయి. ఇన్ని గొడుగుల మధ్య తడిసేవారు ఎవరంటే, కాంట్రాక్టరు రిజిస్టరులో పేరు లేకుండా పనిచేసే కూలీలు, నిర్మాణ స్థలాల్లో గుడిసెలు వేసుకొని పని అయిపోగానే మరో చోటికి వెళ్లే కుటుంబాలు, పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చి ఒకే గదిలో అద్దెకుండేవారు. వీరు నగరంలో నివసించే గ్రామీణ పేదలు. ఊళ్లో ఉన్న రోజుల్లో వీరి పేరు అంగన్‌వాడీ టీచరుకు, నర్సమ్మకు తెలుసు. ఇక్కడ ఆ పేరు తెలిసినది మేస్త్రీకి మాత్రమే.

నగరాలకు వర్తించే కొలతలు కూడా పల్లె కొలతలకు భిన్నమైనవి. 2013లో మొదలైన జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ ప్రకారం 50,000 జనాభాకు ఒక పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 200 నుంచి 500 ఇళ్లకు ఒక ఆశా కార్యకర్త, 50 నుంచి 100 ఇళ్లకు ఒక మహిళా ఆరోగ్య సమితి ఉండాలి. కాగితం మీద ఇది సమంజసమే అయినా, ఏడాదికి రెండుసార్లు ఇళ్లు మారే వాడలో ఇళ్ల జాబితా ఆధారంగా మనుషులను వెంబడించడం వృథా ప్రయాస. పైగా ఇప్పుడు వెంబడించవలసినది నలభై రెండు రోజుల బాలింతను మాత్రమే కాదు. రక్తపోటు, మధుమేహం ఉన్నవారికి మందులు ఏళ్ల తరబడి, ఒక్క నెల కూడా ఆగకుండా అందాలి. చిన్నతనంలో తిండి చాలక పెరిగి పెద్దయ్యాక పట్టణపు తిండికి, కూర్చొని చేసే పనికి మారినవారిలో ఈ జబ్బుల ప్రమాదం ఎక్కువ కావచ్చు; 29 గ్రామాల అధ్యయనంతో పాటు ప్రపంచంలోని మరెన్నో అధ్యయనాలు వెతుకుతున్న సంబంధం కూడా ఇదే. 2021లో వచ్చిన పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఒక అంగన్‌వాడీ నుంచి మరో అంగన్‌వాడీకి పేరు మార్చుకునే వీలు ఉంది. అటువంటి వీలు రక్తపోటు మాత్రలకు, టీకాలకు, బిడ్డ బరువు పట్టికకు కూడా ఉంటేనే పాత ఊరి నర్సమ్మ రాసిన వివరాలు కొత్త వాడ ఆశా కార్యకర్త చేతికి వస్తాయి. వచ్చాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది: పని ముగిసి కుటుంబం చర్లపల్లి నుంచి ఘట్‌కేసర్‌కో కీసరకో మారిన నాడు, వెళ్లిపోయారని పాత కార్యకర్త పేరు కొట్టేసే బాధ్యత స్పష్టంగానే ఉంది గానీ, వచ్చారని గుర్తించి వెతికి చేర్చుకునే బాధ్యత ఎవరిది, దానికి పారితోషికం ఏ పద్దు కింద వస్తుంది అన్నది ఇంకా తేలవలసి ఉంది.